చెరువుకి జొరం చూసిన వేసవి

పోయిన వారం మా ల్యాబ్‌కి ఒక అట్టపెట్టె వచ్చింది. రాజస్థాన్ ఎడారిలో ఎక్కడో ఉన్న ఒక సరస్సు నీళ్ళు పన్నెండు సీసాల్లోనూ, దాని చుట్టూ ఉన్న నేల మట్టి పన్నెండు పొట్లాల్లోనూ సర్ది పంపారు. ఏవేవో కార్ఖానాల నీళ్ళు ఏళ్ళ తరబడి అందులో కలిశాయట. పరీక్షలయ్యాక మేము నింపే ఫారంలో చివరి గడి ఒకటుంటుంది: ఈ నీరూ, ఈ నేలా కోలుకునే అవకాశం ఉందా, లేదా. మిగతా గడులన్నీ భోజనానికి ముందే నింపేసిన నేను, ఆ ఒక్క గడి దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాను. ముప్ఫై అయిదేళ్ళంటే జ్ఞాపకాలు రాసుకునే ఈడు కాదని తెలుసు. కానీ ఆ ప్రశ్నకి నేను ఇదివరకే ఒకసారి, ఏమాత్రం తడుముకోకుండా జవాబు చెప్పాను.

రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో పక్కకి తిరిగితే ఒక చెరువూ, దాని కింద మా పెదనాన్న తోటా ఉండేవి. తోటంటే పెద్దదేమీ కాదు, తాతయ్య నాటిన పంతొమ్మిది చిన్న రసాల చెట్లు. మన వయసు వాళ్ళకి వేసవి సెలవులంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. చిక్కంతో దించిన కాయకి తొడిమ విరిచి సొన కారేదాకా బోర్లా పెట్టడం, వరిగడ్డిలో మాగిన పండుని గుడ్డలో మూటగట్టి చెరువు నీళ్ళలో వేలాడదీయడం, చల్లబడ్డాక నలిపి జుర్రుకుని, మోచేతి దాకా కారిన రసాన్ని అదే చెరువులో కడుక్కోవడం, ఇదే పని పొద్దస్తమానం.

ఏది కనబడినా లెక్కపెట్టి నంబరు వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఏడో తరగతి సెలవుల్లో, ఇంటికి వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా పట్టుకెళ్ళి పంతొమ్మిది చెట్లకీ నంబర్లు వేసి, నోటు పుస్తకంలో ఒక్కోదాని గుణం రాశాను. మూడు: పీచెక్కువ, రసం తేనె. ఏడు: అన్నిటికంటే ముందు పండుతుంది. పదకొండు: ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. పదహారు: తొండలు. పెదనాన్న మొదట నవ్వాడు, తర్వాత ఆ నంబర్లతోనే చెట్లని పిలవడం మొదలుపెట్టాడు. ఏడో నంబరు తొలి బుట్ట ప్రథమ ఫలంగా చర్చికి వెళ్ళేది. చివరికి పాస్టరు గారు కూడా "ఏడోది పండిందా అండీ?" అని అడిగేవారు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది చెరువు ఎగువన ఒక జ్యూస్ ఫ్యాక్టరీ పెట్టారు. కలెక్టర్ రకం మామిడికాయల గుజ్జు తీసి డబ్బాలకెక్కించేవారు. గొట్టాలు కడిగిన కాస్టిక్ సోడా నీళ్ళు వాగులోకి, వాగులోంచి చెరువులోకి వచ్చేవి. రెండు వేసవులు గడిచేసరికి నీళ్ళు నల్లబడ్డాయి, చేపలు చచ్చి తేలాయి, చెరువు నీళ్ళు పారిన తోటల్లో నేల మీద తెల్లటి పొర పేరుకుంది. ఆకుల కొనలు మాడిపోయాయి. ఊరంతా కలిసి గొడవ చేస్తే ఫ్యాక్టరీ మూతపడింది గానీ చెరువు మాత్రం అలాగే ఉండిపోయింది.

అప్పటికి నేను చివరి ఏడాదికి వచ్చాను. మే నెలలో కాలేజీ నుంచి క్షారం కొలిచే పీహెచ్ మీటరూ, సీసాలూ అడిగి తెచ్చుకుని చెరువులో దిగాను. వాగు వచ్చి కలిసే చోట మిగిలిన మడుగులోంచి నీళ్ళు తీసుకున్నాను. తోటలో తెల్లటి పొర ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా పైన గీకి మట్టి తీసుకున్నాను. పెదనాన్న నా వెనకాలే, చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకున్నంత జాగ్రత్తగా ఆ సీసాలు పట్టుకుని నడిచాడు. ఏడు దగ్గర ఉండాల్సిన మీటరు ప్రతిచోటా తొమ్మిది దాటి చూపించింది. గీతలు కొట్టి పట్టిక వేసి, అంకెలన్నీ అందులో ఎక్కించాను.

అప్పటికే కలప కొనేవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు, చెట్లు పచ్చి మీద ఉన్నప్పుడే కొట్టించుకోమనీ, ఎండిపోతే పొయ్యిలోకి తప్ప పనికిరావనీ చెప్పి. పెదనాన్న అరుగు మీద కూర్చుని పట్టిక కిందా మీదా చూసి, "ఇవన్నీ నాకెందుకురా. తేరుకుంటదా, తేరుకోదా? అది చెప్పు" అన్నాడు.

"మన కాలంలో తేరుకోదు పెదనాన్నా" అన్నాను.

ఒక్క ఏడాది చూద్దామని పెద్దమ్మ బతిమాలింది. "చదువుకున్నోడు చెప్తున్నాడు కదే" అన్నాడు పెదనాన్న.

పక్క చేలో ఆరు చెట్లతో ఒకావిడ ఉండేది. పెదనాన్న 'అక్కా' అనేవాడు కాబట్టి నాకు అత్త అయింది. వేసవిలో మామిడి కోతలకీ, వానలు పడ్డాక కాలవ కింద ఊళ్ళలో నాట్లకీ కూలికి వెళ్ళేది. ఆ సాయంత్రం గట్టు మీద ఎదురై, "ఏం అల్లుడూ, చెరువుకి జొరం చూశావంట. మందేం రాశావేంటి?" అంది.

మందు లేదన్నాను.

"మందు లేని జొరం నేను చూళ్ళేదమ్మా. ఈ నేల మీద తెల్లది చౌడు. వరి చేలల్లో ఇట్టాంటివి ఎన్ని చూశానో. జీలుగ చల్లి, పూతకొచ్చాక దున్నేస్తారు, అంతే."

"అది వరి చేను అత్తా, ఇది మామిడి తోట" అని నవ్వాను. మా మెట్ట ఊళ్ళ వాళ్ళం చౌడు ఎరగం, ఎర్రనేల తప్ప చూడనివాళ్ళం. ఆమె ఏటా మోకాలు లోతు దిగి నాట్లు వేసి వచ్చే మనిషి. ఆ తేడా నా పట్టికలో లేదు.

రంపాలు మూడు రోజులు ఆడాయి. కొట్టేవాళ్ళు చెట్ల మీద నా నంబర్లు చూసి, "ఏడు అయిపోయింది, ఎనిమిది పట్టండి" అని కేకలు వేసుకునేవాళ్ళు. పెదనాన్న అటు వీపు పెట్టి, చెరువు కేసి చూస్తూ కూర్చున్నాడు. నేను మూడో రోజు ఉండలేక కాలేజీకి వెళ్ళిపోయాను.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఊరివాళ్ళు తూము ఎత్తేసి, చెరువుని ఖాళీ చేసి, మళ్ళీ నింపుకున్నారు. అత్త కాలవ కింద ఊరి నుంచి కొంగున కట్టుకొచ్చిన జీలుగ విత్తనాలు తన ఆరు చెట్ల మధ్య చల్లి, పూత రాగానే పారతో మట్టిలో కలిపేసింది. వ్యవసాయాఫీసులో అడిగి జిప్సం తెచ్చి వేసింది. అలా మూడేళ్ళు.

నాలుగో ఏడు, ఉద్యోగం వచ్చాక ఊరికి వెళ్తే గట్టు మీదే ఎదురైంది. "అల్లుడూ, జొరం దిగింది గాని, మళ్ళీ ఓసారి చూడు" అంది. ఆరు చెట్లూ ఆకు కనబడకుండా పూసి ఉన్నాయి. గడ్డపార తీసుకుని ముందు ఆమె చేలో తవ్వాను, తర్వాత ఏమీ వేయక బీడుగా వదిలేసిన పెదనాన్న మోళ్ళ మధ్య తవ్వాను. అక్కడ పైన ఇంకా తెల్లగానే ఉంది. అడుగున్నర లోతున మాత్రం మా ఎర్రమట్టే, శుభ్రమైన మట్టి. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న మీటరు ఏడు దగ్గర నిలబడింది. మందూ మాకూ లేకుండా అది ఇప్పుడు కొత్తగా బాగుపడింది కాదు. నేను పైపొర గీకిన రోజున కూడా, వేళ్ళు ఉన్న ఆ లోతులో నేల అలాగే ఉండి ఉంటుంది. నేను తవ్వలేదు.

ఆ మాట పెదనాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అంతా విని, "గడ్డపార మనింట్లోనే ఉంది కదరా. నేనూ తవ్వలేదు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ వానాకాలమే జీలుగ చల్లించి, పై ఏడు అత్త చెట్ల నుంచి అంట్లు కట్టించి నాటాడు.

ఇప్పుడు ఆ చెట్లు నా తలని దాటి ఎదిగాయి. చెరువులో కొరమేనులు తిరుగుతున్నాయి, నీటికాకులు మళ్ళీ వాలుతున్నాయి. పండ్లు చల్లబరచడానికి మాత్రం ఎవరూ చెరువు దాకా వెళ్ళడం లేదు, ఇంటింటా ఫ్రిజ్‌లున్నాయి. తొలి బుట్ట ఇప్పుడూ చర్చికి వెళ్తుంది గానీ పాస్టరు గారు మారారు, అది ఏ చెట్టుదని అడిగేవాళ్ళు లేరు. పండు కూడా మంచి రసమే, వంక పెట్టడానికి లేదు. ఆ మూడో నంబరు తేనె మాత్రం ఇక నా నోటు పుస్తకంలోనే ఉంది.

ఎడారి నుంచి వచ్చిన పొట్లాల మీద 'పైపొర' అని రాసి ఉంది. అందుకని ఆ చివరి గడిని ఖాళీగా వదిలేసి కింద రాశాను: అడుగున్నర లోతు మట్టి పంపండి. వాన పడ్డాక నీళ్ళు పంపండి. ఆ నేలలో పని చేసేవాళ్ళు ఏమంటున్నారో అడిగి, అది కూడా రాసి పంపండి.

కొత్త చెట్లకి నంబర్లు వేయమని పెదనాన్న ఇంతవరకూ అడగలేదు. వేస్తానని నేనూ అనలేదు.