జపాను జాడీలో కొత్తావకాయ

జాడీల విషయంలో నందిగామ మొత్తం మీద నన్ను మించిన ఆడది లేదని అందరితోనూ నేనే చెప్పుకునేదాన్ని. ఆ గొప్పతోనే మా బావగారి ఉద్యోగానికి నీళ్లొదలబోయాను. నవ్వకుండా వింటానంటే చెబుతాను.

మావారి అన్నగారు ఓడల కంపెనీలో పనిచేసేవారు. అరవైల్లో ఒక వేసవిలో జపాను వెళ్లొస్తూ పిడికిలంత జాడీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చేత్తో చేసిందమ్మా. టీ ఆకు దాచుకునేది. రేపు బెజవాడలో మా ఆఫీసరుగారికివ్వాలి. నా ప్రమోషను ఆయన చేతిలో ఉంది. జాగ్రత్త!"

జగ్గయ్యపేట సంతలో కనపడ్డ జాడీనల్లా వేలితో మోగించి గానీ కొనేదాన్ని కాదు. దీన్నీ మోగించాను. ఖంగుమంది! తేనెరంగు పూత ఒక పక్కకు జారుతూ జారుతూ మధ్యలోనే ఆగిపోయింది. అడుగున మట్టి మట్టిగానే ఉంది. అక్కడ చేసినవారి బొటనవేలి గుర్తు. నా వేలు పెడితే అచ్చంగా సరిపోయింది. ముక్కూమొహం తెలియని ఆ మనిషి మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

కానీ జాడీ ఖాళీ! మా ఇంట్లోంచి ఏ గిన్నే ఖాళీగా గడప దాటదు.

"అత్తయ్యా, ఆఫీసరుగారికి వట్టి జాడీ ఇస్తారా ఎవరైనా?"

"హవ్వ! పరువు పోదూ?" అన్నారు మా అత్తగారు.

ఇంకేం, కొత్తావకాయ కూరి, పైన నూనె పోసి, మూతపెట్టి, గుడ్డతో వాసెన కట్టి బావగారి సంచిలో పెట్టాను. ఆయనకు చెప్పలేదేం అంటారా? అది చెప్పాల్సిన విషయమేనా!

మర్నాడు సాయంత్రం బస్సు దిగి వచ్చిన బావగారి మొహం ఆవకాయ రంగులో ఉంది.

"ఏం పెట్టావమ్మా అందులో?"

"ఆవకాయండి."

"కంచికచర్ల నుంచీ ఘాటు కొడతా ఉంటే పక్కాయన సంచి అనుకుని తిట్టుకున్నా! ఆఫీసరుగారు టీకని నీళ్లు మరగబెట్టించి, అందరి ముందూ మూత తీశారు."

పిల్లలుగలాయన ప్రమోషను నా చేతులతో నేనే నూనెలో ముంచానే అని ఏడుపొచ్చింది.

"ఏమన్నారండి?"

"కాస్త నాలిక మీద పెట్టుకుని, టీ వద్దని అన్నం తెప్పించారు."

ప్రమోషను వచ్చింది. బావగారి పనితనం వల్లనని ఇంటిల్లిపాదీ అంటారు. ఎందువల్లనో నాకు తెలుసు.

ఆ తర్వాత ఏటా వేసవికి ఆ జాడీ నన్ను వెతుక్కుంటూ వచ్చేది. ఖాళీగా కాదు, నిండా టీ ఆకుతో! మర్యాద నేర్చుకున్నారు మరి ఆఫీసరుగారు.

అయినా తప్పు తప్పే. కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ టీ జాడీలో చెప్పకుండా ఆవకాయ పెట్టను. మాగాయ సంగతి మాత్రం నన్నడక్కండి.