గంగడోలు పటేలు మెడ ఆపరేషన్

1992. సూర్యాపేటలో బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో నేను థియేటర్ సిస్టర్‌ని. అంటే ఆపరేషన్ గదిలో పరికరాలు సిద్ధం చేసి, సర్జన్ చేయి చాచకముందే అందించే మనిషిని. నెలకొక ఆదివారం హైదరాబాదు నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్ వచ్చేవారు. ఆయన పుట్టి పెరిగింది కోదాడలో. స్టవ్ పేలి కాలిన మెడలు, అతుక్కుపోయిన వేళ్ళు, పుట్టుకతో చీలిన పెదవులు, ఆయన పనంతా వీటితోనే. ప్లాస్టిక్ సర్జరీ అంటే ఒంట్లో ప్లాస్టిక్ పెడతారని మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కూడా నమ్మేవారు. ఒక స్కూలు పంతులుగారైతే, ఎండాకాలం కరగదా అని నన్ను రహస్యంగా అడిగారు.

అలాంటి ఒక ఆదివారం నర్సిరెడ్డి పటేలు వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు. ఊరు నిడమనూరు పక్కన, రైస్ మిల్లు మిర్యాలగూడలో. కాలిన గాయం లేదు, గడ్డ లేదు. భుజం మీది తువ్వాల తీసి, చుబుకం, మా భాషలో గదవ, ఎత్తి మెడ చూపించాడు. షుగర్ జబ్బు వచ్చి రెండేళ్ళలో మనిషి సగమయ్యాడు. ఒళ్ళు తగ్గినంత చర్మం తగ్గలేదు. గదవ కింద నుంచి గొంతు గుంట దాకా వదులుగా వేలాడుతోంది.

"నాలుగు నెలలల్ల మిల్లర్ల సంఘం ఎలక్షన్లున్నయ్ సార్. అధ్యక్షునికి నిలబడ్తున్న. ఎదుటోడు నాకు గంగడోలు పటేలని పేరు పెట్టిండు. హమాలోళ్ళు సుత గదే పిలుస్తుండ్రు. మొన్న కరపత్రానికి ఫోటో దిగితే, నా కంటే ముంగట నా మెడనే ఉన్నది."

ఎద్దు మెడ కింద వేలాడేదే గంగడోలు. పేరు పెట్టినవాడి చూపును మెచ్చుకోక తప్పదు. కానీ నాకు నవ్వు కంటే ముందు కోపం వచ్చింది. కాలిన మెడ ఛాతీకి అతుక్కుపోయి తల ఎత్తలేని పిల్ల బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, ఈయనకు ఫోటో కోసం ఆపరేషనా? పటేలు బయటికి వెళ్ళగానే ఆ మాటే సర్జన్‌తో అన్నాను.

"ఆ పిల్ల ఆపరేషన్ ముందు చేస్తానమ్మా, ఈయనది తర్వాత చేస్తాను. కానీ రోజూ పదిమంది నోట వెక్కిరింత పడటం నొప్పి కాదని మనమెట్లా చెబుతాం?" అన్నారాయన.

నేను థియేటర్ జాబితాలో ఆ పిల్ల పేరు పైన రాసి, దాని కింద పటేలు పేరు రాశాను.

సర్జన్ పటేలును మళ్ళీ పిలిచి అంతా విడమరచి చెప్పారు. దీన్ని నెక్ లిఫ్ట్ అంటారు. గొంతు లోపలికి పోరు, పనంతా చర్మం కిందే. గదవ కింద చిన్న కోత, రెండు చెవుల వెనక జుట్టులోకి పోయే కోతలు పెడతారు. మెడ ముందర పల్చటి పరదాలా ఉండే ప్లటిస్మా అనే కండరాన్ని బిగించి కుట్టి, మిగిలిన చర్మాన్ని వెనక్కి లాగి కత్తిరిస్తారు. మచ్చలు అసలే లేకుండా పోవు, దాక్కుంటాయి. వాపు, కమిలిన రంగు రెండు మూడు వారాలుంటాయి. చెవుల దగ్గర తిమ్మిరి కొన్ని నెలలుండవచ్చు. ఒక్కోసారి పెదవి కొస కదిలించే నరం కొన్నాళ్ళు మొండికేస్తుంది, అరుదుగా అది అట్లాగే ఉండిపోతుంది కూడా. ముఖం మీది ముడతలు పోవు, వయసు ఆగదు.

"ఇంకొకటండీ. మగవాళ్ళకు చర్మం వెనక్కి లాగితే గడ్డం మొలిచే చోటు కూడా వెనక్కి జరుగుతుంది. చెవుల వెనక కూడా గీసుకోవాల్సి వస్తుంది."

పటేలు చెవి వెనక తడుముకుని, "గది మా మంగలి సత్తయ్య సూసుకుంటడు తియ్‌రి," అన్నాడు.

షరతులు రెండు. షుగరూ బీపీ అదుపులో ఉండాలి. చుట్ట కనీసం నెల ముందు మానెయ్యాలి, తర్వాత కూడా నెల ముట్టకూడదు. పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందదు. లాగి కుట్టిన చర్మం అంచులు నల్లబడి చచ్చిపోతాయి. గుండె కోసం ఆయన ఆస్పిరిన్ వాడుతుండేవాడు. రక్తాన్ని పలచబరిచే మందు అది. దాన్ని సొంతంగా ఆపవద్దని, గుండె డాక్టరును అడిగి రమ్మని సర్జన్ గట్టిగా చెప్పారు.

మరుసటి నెల పటేలు భార్య భారతమ్మ పంచాంగం కాగితం పట్టుకొచ్చింది.

"సిస్టరమ్మా, తొమ్మిది నలభైకి కత్తి పెట్టాలె. మంచి ముహూర్తమంట."

"తొమ్మిది ముప్పై తొమ్మిదికి పెడితే ఏమైతదమ్మా?"

"ఏమైతదో ఎవలికెరుక? ఎరుక లేకనే గద ముహూర్తం పెట్టుకునేది."

హేతువాద సంఘం మనిషిని నేను, ముహూర్తాల మీద ఎన్నో సభల్లో వాదించాను, కానీ ఈ ఒక్క జవాబుకు సరితూగే వాదన ఏ సభలోనూ వినలేదు. అయినా ముహూర్తం వృథా అయింది. తప్పింది గ్రహాల వల్ల కాదు, పటేలు వేళ్ళ వాసన వల్ల.

"చుట్ట ఎప్పుడు మానేశారండీ?" అడిగారు సర్జన్.

"నెలాయె సార్."

"ఇవాళ?"

"ఇయ్యాల పొద్దుగాల ఒక్కటే. గది లేకుంటే కడుపు కదలదు. మానేసినట్టే గద!"

సర్జన్ చేతి తొడుగులు విప్పేశారు. "ఇంటికెళ్ళండి. వచ్చే నెల రండి."

వచ్చే నెల సర్జన్ వచ్చే ఆదివారం అమావాస్య. అది దాటితే ఎన్నికలకు వాపు తగ్గదు. భారతమ్మ మూడు రోజులు అన్నం తినలేదట. చివరికి పటేలు ఆమెకిచ్చిన జవాబు, "అమాస నాడు మిల్లు నడుస్తలేదా? మడిసి మెడ నడవదా?" అట. గంగడోలు అన్న పేరు ఆయనను ఒక్క నెలలో హేతువాదిని చేసింది. మావాళ్ళు అన్నేళ్ళు సభలు పెట్టి చేయలేని పని అది.

చుట్ట నిజంగానే మానేశాడు. ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది, చక్కగా జరిగింది. అమావాస్య మంచిదని నేను అనను. కానీ ఏదైనా తేడా వచ్చి ఉంటే నింద మొత్తం దాని మీదే పడేది, చుట్ట మీద మాత్రం పడేది కాదు.

చర్మం కింద చేరే రక్తం బయటికి రావడానికి చెవుల వెనక సన్నటి గొట్టాలు పెడతారు. వాటిని డ్రెయిన్లంటారు. గదవ కింద నుంచి నడినెత్తి దాకా బిగుతుగా పట్టీ కడతారు. తల ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోబెడతారు. మొదటి రోజు మేము భయపడేది హెమటోమాకు, అంటే చర్మం కింద రక్తం గూడు కట్టడానికి. ఒక పక్క ఉబ్బినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, ఊపిరాడకపోయినా క్షణం ఆగకుండా పిలవాలి. బీపీ పెరగకూడదు. దగ్గవద్దు, వంగవద్దు, నవ్వవద్దు, గట్టిగా మాట్లాడవద్దు. పటేలు బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు.

పటేలు చేసిన తప్పొకటుంది. కోత గురించి ఊళ్ళో చెప్పడానికి సిగ్గుపడి, "గొంతుల చిన్న గడ్డ ఉన్నది, తీపిచ్చుకుంటున్న" అని చెప్పి వచ్చాడు. వద్దన్నాను, వినలేదు. ఆ సాయంత్రం నాలుగింటికి వాడపల్లి నుంచి ఆయన అక్క దిగింది. చేతిలో బత్తాయిల సంచి. భారతమ్మ చాయ్ తేవడానికి బయటికి పోయింది. అక్క తలుపు తోసి చూసింది. తమ్ముడు కదలకుండా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. గదవకూ నెత్తికీ కలిపి తెల్లగుడ్డ కట్టి ఉంది.

మన దగ్గర దవడకు అట్లా గుడ్డ కట్టేది ఎవరికో చెప్పనక్కర్లేదు.

బత్తాయిలు వరండాలోకి దొర్లాయి. "ఓ నా తమ్ముడా! దవడ గట్టిండ్రా నీకు! నేనచ్చేదాంక ఆగకపోతివా కొడుకో!" అంటూ ఆమె గుండెలు బాదుకునేసరికి పక్క గదుల వాళ్ళంతా పోగయ్యారు. ఎవరో పెద్దమనిషి చెప్పులు కూడా విప్పాడు.

నేను పరిగెత్తుకుపోయేసరికి పటేలు కళ్ళు తెరిచి, పళ్ళ మధ్య నుంచి, "అక్కా, నేను సావలే," అంటున్నాడు.

ఆమె ఇంకా గట్టిగా కేక పెట్టింది. "మాట్లాడుతుండు! మాట్లాడుతుండమ్మా!"

పటేలు భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వాపుకుంటున్నాడు. అది అన్నిటికంటే ప్రమాదం. బీపీ చూస్తే చాలా పెరిగి ఉంది. "నవ్వితే కుట్లు తెగుతయి, మళ్ళ కొయ్యాలె," అని బెదిరించి, అందర్నీ బయటికి పంపి, సర్జన్‌కు కబురు పెట్టి మందు ఇప్పించాను. గంటసేపు మెడ మీది నుంచి కళ్ళు తీయలేదు. రెండు పక్కలా సమానంగానే ఉంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది, బయటికి పోయి నవ్వుకున్నాను.

అక్క ఆ సాయంత్రమే వాడపల్లి బస్సెక్కింది. ఆ బస్సు మిర్యాలగూడ మీదుగా పోతుంది. ఆమె సీటు చుట్టూ కూర్చున్నవాళ్ళకు చెప్పిందల్లా తాను కళ్ళారా చూసిందే. గొంతులో గడ్డ, దవడ కట్టేశారు, పళ్ళ సందు నుంచి మాట. బస్సు మిర్యాలగూడ చేరేసరికి ఆ గడ్డకు కేన్సర్ అన్న పేరు వచ్చింది.

కుట్లు విప్పాం. ఆరు వారాలకు పటేలు చెకప్‌కు వచ్చాడు. మెడ బిగువుగా, గదవ గీత కత్తిలా ఉంది. ముఖం మాత్రం వాడిపోయింది. వెంట భారతమ్మ, మంగలి సత్తయ్య.

"సార్, నాకు కేన్సర్ లేదని సర్టిఫికెట్ రాసియ్యాలె. 'పోయేటోనికి పదవెందుకు' అని ఎదుటోడు ప్రచారం జేస్తుండు. మా మనుషులే నన్ను జూసి కండ్లల్ల నీళ్ళు వెట్టుకుంటుండ్రు. ఓటెయ్యమంటే, 'నువ్వు రెస్టు తీస్కో పటేలా' అంటుండ్రు."

"రాస్తానండీ. నెక్ లిఫ్ట్ చేశాను, గడ్డ ఏమీ లేదు అని రాస్తాను."

"ఆ నెక్ లిఫ్టు మాట రాయకుండ్రి."

"మరి ఏ ఆపరేషన్ చేశావని అడిగితే ఏం చెప్పనండీ? అబద్ధం రాయలేను కదా."

పటేలు నా వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పు సిస్టరమ్మా. గంగడోలు కోపిచ్చుకున్నడని తెలిస్తే మిర్యాలగూడ మొత్తం నవ్వుతది."

"నవ్వెటోళ్ళు ఓటన్న ఏస్తరు పటేలా. ఏడ్చెటోళ్ళు దండ తెస్తరు, గంతే," అన్నాను.

సత్తయ్య అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "పటేలా, నెలసంది చెవుల ఎనక గడ్డం గీస్తున్న. నా ఇంటిదాని తోటి గూడ అనలే. నువ్వు జెప్పమంటే జెప్త, వద్దంటే నోరు దెరువ. కని సావబోయేటోనికి గంత జోరుగ గడ్డం మొలువది."

ఎన్నికల నాడు భారతమ్మ పట్టుబట్టి నన్ను మిర్యాలగూడ తీసుకుపోయింది. మిల్లు కళ్ళంలో షామియానా, కుర్చీలు. పటేలు మైకు ముందు నిలబడగానే సభలో వాళ్ళంతా శవాన్ని చూడటానికి వచ్చినట్టు తలలు దించుకున్నారు. ఎవరో వెనక నుంచి నెమ్మదిగా, "కూసోని మాట్లాడు పటేలా," అన్నారు.

పటేలు తువ్వాల తీసి బల్ల మీద పెట్టాడు. గదవ ఎత్తాడు.

"నాకు కేన్సర్ లేదు. గొంతుల గడ్డ అని జెప్పింది నేనే, అబద్ధం. మీరందరు గంగడోలు గంగడోలు అంటే సిగ్గై కోపిచ్చుకున్న. ఇగో, సూడుండ్రి!"

రెండు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు సత్తయ్య లేచాడు. "నిజమే. సాక్ష్యం నేనున్న. ఇప్పుడు పటేలుకు గడ్డం గియ్యాలంటే చెవులు ముంగటికి మడవాలె!"

షామియానా ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు. ఎదుటి పక్షంవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఒకాయనైతే దగ్గరికి వచ్చి చెవి వెనక వేలితో తడిమి చూసి, తన మెడ తడుముకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. పటేలు గెలిచాడు. పెద్ద తేడాతో అని చెప్పను, గెలిచాడు.

ఆ తర్వాత థియేటర్ రికార్డులో ఆపరేషన్‌కు ముందు అడిగే ప్రశ్నలకు నేనొకటి చేర్చాను. చుట్ట తాగుతారా, షుగరుందా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా అన్న వాటి కింద, "ఊళ్ళో ఏమని చెప్పి వచ్చారు?" అని. నవ్వులాటకు కాదు. నేను నా యవ్వనమంతా ముహూర్తాల మీద, తాయెత్తుల మీద యుద్ధం చేశాను. ఇప్పటికీ చేస్తాను. కానీ అమావాస్యను ఒక్క పూటలో దాటేసిన మనిషికి, నలుగురు నవ్వుతారన్న భయాన్ని దాటడానికి రెండు నెలలు పట్టింది. ఆ భయానికి పంచాంగంలో పేజీ లేదు కాబట్టి మావాళ్ళెవరం దానితో వాదించలేదు.

గెలిచిన వారానికి పటేలు సన్మానం ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఫోటోలో కుర్చీ ఉంది, శాలువా ఉంది, బంతిపూల దండలు, గులాబీ దండలు, నోట్ల దండ ఒకటి, ఒకదాని మీద ఒకటి గదవ దాకా. వాటిపైన కళ్ళూ మీసమూ మాత్రమే. నేను అటూ ఇటూ తిప్పి చూశాను.

"మెడ ఏది పటేలా?"

పటేలు ఫోటో తీసుకుని చూసుకున్నాడు. వేలితో దండల మీద మెల్లగా తట్టాడు.

"ఉన్నది సిస్టరమ్మా, వీటి కింద. నాకెరుకే గద."