సగం సగం సర్దిన పెట్టెలు

పెట్టె ఎలా సర్దుకోవాలో సలహాలిచ్చే మనుషులంటే నాకు మొదటినుంచీ పడదు. మన పెట్టెలో ఏం ఉండాలో వాళ్లకెలా తెలుస్తుంది? అయినా ఆ రోజు హన్మకొండలో ఒక హోటల్ హాల్లో, వణుకు పుట్టించే ఏసీ కింద, ముప్పై జంటల మధ్య కూర్చుని గంటసేపు అలాంటి సలహాలే విన్నాను. మా ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాడు. మా ఇద్దరికీ అప్పటికి నాలుగు నెలలుగా మాటల్లేవు.

ఎనుమాముల మార్కెట్ పోయే దారిలో మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆ ఏడాది కంపెనీ పెట్టిన టార్గెట్ దాటిన డీలర్లను ఓడ ఎక్కిస్తామన్నారు. చెన్నైలో ఎక్కించి, మూడు రోజులు సముద్రంలో తిప్పి, మళ్లీ చెన్నైలోనే దింపుతారు. జంటగా వస్తేనే టికెట్టు. భార్య రాకపోతే భర్తకూ లేదు. ఆ షరతే లేకపోతే మా ఆయన నన్ను ఊరి పక్కనున్న ధర్మసాగర్ చెరువు దాకా కూడా తీసుకుపోయేవాడు కాదు.

మాటలు ఎందుకు ఆగాయో చెప్పాలి. పెళ్లికి ముందు నేను బీఈడీ చదివాను. ఆ చదువును బీరువాలో పెట్టి, మిరపకు ఏ మందు కొట్టాలో, పంపుకు ఎంత కలపాలో రైతులకు చెబుతూ ఇరవై నాలుగేళ్లు గల్లా దగ్గర కూర్చున్నాను. మా అమ్మాయి చదువు అయిపోయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఇక నా వంతు అనుకున్నాను. మరిపెడలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా రమ్మన్నారు. రోజుకు రెండు క్లాసులు సోషల్ చెప్పాలి, ఉండడానికి గది ఇస్తారు. ఆ సంగతి అన్నం వడ్డిస్తూ ఆయనకు చెప్పాను.

"దుకాణంల ఎవలు కూసుంటరు?" అన్నాడు.

"మనిషిని పెట్టుకో."

"ఆ ముచ్చట మల్ల తియ్యకు."

తీయలేదు. ఆ ముచ్చటే కాదు, అసలు ఏ ముచ్చటా తీయలేదు. ఆయనకూ పౌరుషం పొడుచుకొచ్చింది. టీ కావాలంటే గోడకు చెప్పేవాడు. "ఈ ఇంట్ల జర చాయ దొరుకుతదా?" అని గోడను అడిగితే, గోడ పెట్టదు కాబట్టి నేను పెట్టి టక్కుమని బల్ల మీద పెట్టేదాన్ని. దుకాణంలో కూడా అంతే. రైతులతో మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. పాపం, సగం మంది రైతులకు ఏమీ అర్థమయ్యేది కాదు.

ఆయనకు తెలియకుండా మరిపెడకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను. వాళ్లు లెటర్ పంపారు. ఫలానా సోమవారం మధ్యాహ్నంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తెచ్చి చేరాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని అందులో రాశారు. ఓడ దిగి, రైలెక్కి, మేము వరంగల్‌కు తిరిగొచ్చేది సరిగ్గా ఆ సోమవారం పొద్దునే. మామూలు రోజున సూట్‌కేసుతో గడప దాటితే వాడ వాడంతా ఎక్కడికని ఆరా తీస్తుంది. ఓడకు అంటే ఎవరూ నోరెత్తరు. స్టేషన్‌లో దిగి ఇంటికి రాకుండా నేరుగా మరిపెడ బస్సెక్కాలని నిశ్చయించుకున్నాను. ఓడకని అందరికీ చెప్పి నేను సర్దుకున్నది ఇల్లు విడిచిపోయే పెట్టె.

ఇక ఆ హాల్లో టూర్ మనిషి చెప్పిన సలహాలు. జారని చెప్పులు తెచ్చుకోండి. కెటిల్, ఇస్త్రీ పెట్టె తేవద్దు. తొక్కులు, పిండివంటలు తేవద్దు, తెస్తే తీసి పారేస్తారు. అది వినగానే నా వెనక కూర్చున్న నర్సంపేట డీలర్ భార్య, కారం పొడిని పౌడర్ డబ్బాలో పోసుకుంటే ఎవరికి తెలుస్తుందని గుసగుసలాడింది. పెట్టెలు ఓడరేవులోనే తీసుకుంటారు, సాయంత్రం ఎప్పటికో గదికి చేరుస్తారు, కాబట్టి మందుబిళ్లలు చేతిసంచిలో పెట్టుకోండి అన్నాడు. చివరికి పెద్ద రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"మేడం వాళ్లయి సగం సార్ పెట్టెల, సార్‌వి సగం మేడం పెట్టెల పెట్టుకోండ్రి. ఒక పెట్టె వచ్చుడు లేటయినా ఇద్దరికీ ఫికర్ ఉండది."

జంటలన్నీ సిగ్గుపడుతూ నవ్వాయి. నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం జేబులోంచి పెన్ను తీసి, వాళ్లు పంచిన సలహాల కాగితంలో దాని కింద గీత గీశాడు. మందు డబ్బా మీద రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి. పెళ్లాం చెప్పింది తప్ప ప్రపంచంలో ఎవరు చెప్పినా వింటాడు.

నా పెట్టె అడుగున నాలుగు నేత చీరలు, ఒక దుప్పటి పరిచి, వాటి కింద సర్టిఫికెట్ల ఫైలు పెట్టాను. పైన ఓడలో కట్టుకునే చీరలు. బయలుదేరే రోజు నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆయన గోడకు సమాచారం ఇచ్చాడు. "కాగితంల ఉన్నట్టు అన్ని సగం సగం పెట్టిన."

నాకు ఫైలు గుర్తొచ్చింది. ఆయన స్నానానికి పోగానే నా పెట్టె అడుక్కు చెయ్యి దూర్చి చూశాను. ఫైలు అట్ట చేతికి తగిలింది. బతికాననుకుని మూసేశాను. నా పట్టుచీరల మీద ఆయన బనియన్లు పడుకుని ఉన్నాయి. వాటిని చూస్తే అసహ్యం వేసింది, అయినా మూడు రోజులే కదా అని ఓర్చుకున్నాను.

సముద్రం చూడడం నాకు అదే మొదటిసారి. చాలా బాగుందని చెప్పలేను, ఎందుకంటే పక్కన ఆయన ఉన్నాడు. అంత పెద్ద నీళ్లను చూసి కూడా ఒక్క మాట మాట్లాడని మనిషి పక్కన నిలబడితే ఏదీ బాగుండదు. ఫోటోలు తీసేవాడు ఇద్దరినీ దగ్గరగా జరగమన్నాడు. చెరో అంగుళం జరిగాం.

సాయంత్రం పెట్టెలు గదికి వచ్చాయి. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తెరుచుకోని గుండ్రటి కిటికీ అది. నేను పెట్టె తెరిచి ఆయన బట్టలు తీసి మంచం మీద విసిరాను. అడుగున ఉన్న ఫైలు చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. పదో తరగతి మెమో ఉంది, ఇంటర్ లేదు. డిగ్రీ ఉంది, బీఈడీ లేదు. మరిపెడ లెటర్ లేదు.

"నా కాగితాలేవి?" అన్నాను. నాలుగు నెలల తర్వాత గోడకు కాకుండా ఆయనకే అన్న మొదటి మాట అది.

"సగం నా పెట్టెల ఉన్నయి."

"ఎందుకు తీసినవ్?"

"అన్ని సగం సగం అన్నడు గదా."

"బట్టలన్నడు. బీఈడీ లేకుంటే మిగిలినయి ఎవలకు గావాలె?"

"ఒక పెట్టె పోయినా ఇంకొన్ని ఉంటయనుకున్న," అన్నాడు. నన్ను ఆపాలని దాచేసి ఉంటే నా కోపానికి ఒక మర్యాద ఉండేది. ఇది ఉత్త మూర్ఖత్వం. తిడదామని నోరు తెరిచేలోపు, విసిరేసిన ఆయన చొక్కా మడతలోంచి ఏదో జారి నేల మీద పడింది. మా దుకాణం తాళంచెవి.

మా షట్టర్‌కు కుడివైపు ఒక తాళం, ఎడమవైపు ఒక తాళం. రెండూ తీస్తే గాని అది లేవదు. తాళంచెవులు ఎవరినీ నమ్మి ఇవ్వడు కాబట్టి ఓడకు కూడా మోసుకొచ్చాడు. వాటినీ చెరో పెట్టెలో పెట్టాడు. నేను తాళంచెవిని గుప్పిట్లో బిగించాను.

"నా కాగితాలు నాకియ్యి. లేకుంటే పైకి పోయి దీన్ని సముద్రంల ఏస్త."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "మరిపెడ లెటర్ చదివిన," అన్నాడు. "సోమవారం పోతవ్ గదా."

"పోత."

ఇప్పుడు అంటాడు వద్దని, అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం నాలుగు నెలలుగా జవాబులు కూడబెట్టుకుని ఉన్నాను. గల్లా దగ్గర కూర్చుని నడుము పోగొట్టుకున్న సంగతి, మందుల వాసనకు తల పట్టుకుని పడుకున్న రోజులు, నన్ను ఒక్కసారీ ఏమంటావని అడగకపోవడం, అన్నీ వరసగా నాలుక చివరన ఉన్నాయి. వద్దు అంటే చాలు, ఆ ఓడంతా వినేలా చెప్పేదాన్ని.

"పోతె పో," అన్నాడు. "తాళంచెవి ఇచ్చి పో. మంగళవారం యూరియా లారీ వస్తాంది."

లేచి తన పెట్టె తెరిచి నా కాగితాలన్నీ, లెటర్‌తో సహా, తీసి ఇచ్చాడు. ఒక్కటి కూడా నలగలేదు. నేను తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని రెండో దానితో కలిపి రింగుకు ఎక్కించి, తువ్వాలు భుజాన వేసుకుని, భోజనాలు ఎన్ని గంటలకో కనుక్కు రావడానికి బయటికి పోయాడు. నేను తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. నన్ను ఆపలేదని ఏడుస్తున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగిలిన రెండు రోజులు ఆయన ఉచితంగా దొరికిన ఐస్‌క్రీమ్‌లన్నీ తిన్నాడు. సోమవారం వరంగల్ స్టేషన్ బయట ఆయన ఆటో ఎక్కాడు, నేను బస్టాండ్‌కు నడిచాను. వెనక్కి చూశానో లేదో చెప్పను.

మరిపెడలో ప్రిన్సిపాల్ మేడం సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిరగేసి చూసి, రిజిస్టర్ నా ముందుకు జరిపింది. సంతకం పెట్టాను. గది తాళం ఇచ్చారు. కిటికీ బయట ఆడపిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు. ఆ రోజు సంతోషపడి ఉండాల్సింది, పడలేకపోయాను. ఇంత తేలిగ్గా పొమ్మనే మనిషిని, పోనివ్వడనే అనుకుంటూ ఇరవై నాలుగేళ్లు ఆ గల్లా దగ్గర కూర్చున్నాను.