మైకుకు చెవిటి పక్క

ఎవరు గడప తొక్కినా ఆయన నోట ముందు వచ్చే మాట 'రండి' కాదు, 'ఊదొద్దు'. అందుకే ఊళ్ళో పాడేవాళ్ళందరికీ ఆయన ఊదొద్దు బాబాయి అయిపోయాడు. తప్పు ఆయనది కాదు, ఆయన దగ్గరున్న రిబ్బన్ మైకుది. దాని కడుపులో రెండు అయస్కాంతాల మధ్య ఉల్లిపొరకన్నా పలచని అల్యూమినియం పట్టీ ఒకటి వేలాడుతుంటుంది. మైకు కనబడగానే ఫూ ఫూ అనడం మనుషులకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ ఊపు తగిలిందా, పట్టీ సాగిపోయి ఇక ఎందుకూ పనికిరాదు.

అంత సుకుమారాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నావంటే, "మిగతా మైకులు గొంతులో గరుకునంతా నలుగురిలో పెట్టేస్తాయి. ఇది మర్యాద తెలిసినది, చూసీ చూడనట్టు పోతుంది" అనేవాడు. దానికి ఇంకో గుణం ఉంది. ముందునుంచీ వెనకనుంచీ చక్కగా వింటుంది, రెండు పక్కలా మాత్రం శుద్ధ చెవుడు.

ముందుగదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఎన్ని గొంతులు రికార్డులోకి పట్టాడో ఆయనకే తెలియదు. పాడేవాళ్ళు అడగకముందే ఇల్లాలు వేడినీళ్ళు తెచ్చి ఇచ్చేది. దొరకనిదల్లా ఆ ఇల్లాలి గొంతే. గిన్నెలు తోముతూ పాడితే వీధిలో పోయేవాళ్ళు నడక తగ్గించేవాళ్ళు. మైకు ముందు కూర్చోబెడితే మాత్రం గొంతుకు తాళం పడేది.

వేరే ఊళ్ళో కాపురముంటున్న కూతురికి నెలలు నిండాయి. "అమ్మ జోలపాట పట్టి పంపు నాన్నా. నా బిడ్డ ఆ గొంతు విని నిద్రపోవాలి" అని ఫోనులో అడిగింది. కూతురి మాట కాదనలేక ఆవిడ మైకు ముందు కూర్చుంది. దగ్గు తప్ప ఏమీ రాలేదు. రెండోసారి దగ్గుతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి.

చాటుగా పాట పట్టేద్దామంటే బాబాయికి మనసొప్పలేదు. గొంతు దేవుడిచ్చింది, దొంగిలిస్తే ఆయనకే జవాబు చెప్పుకోవాలి. చివరికి దొంగతనానికీ దొరతనానికీ మధ్య సన్నని సందొకటి కనిపెట్టి, ముందుగానే ఒక దండం పెట్టుకుని, బావమరిదికి కబురు పంపాడు.

బావమరిది దర్జీ. అతనికి పాటంటే ప్రాణం, పాటకు అతనంటే ప్రాణగండం.

"మేనకోడలికి జోలపాట కావాలట, పాడతావురా?" అన్నాడు బాబాయి.

"నన్నడిగిందా? ఆలస్యంగానైనా తెలుసుకుంది బావా. కానీ ఆ పాట మాటలు నాకు రావే."

"మీ అక్క కూర్చుని అందిస్తుందిలే. నీతోపాటు సన్నగా పాడుతుంది, అంతే."

మైకు మొహం ఇల్లాలి పీట వైపు తిప్పి, బావమరిదిని పక్కన నిలబెట్టాడు.

"ఇది నాకేసి చూడట్లేదేం బావా?"

"నీ గొంతు గట్టిది. ఎదురుగా తగిలితే పట్టీ తట్టుకోదు."

ఆ మాటలో సగం నిజమే. మిగతా సగానికి లోలోపల లెంపలు వేసుకుని, బాబాయి ఫ్యాను ఆపి, పక్కగదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

పాట మొదలైంది. ఆవిడ గొంతు వచ్చింది, వంటింట్లో వచ్చినంత తేటగా. బాబాయి కళ్ళు చెమర్చేలోగా, ముగ్గులోకి దున్నపోతు వచ్చినట్టు బావమరిది గొంతూ వచ్చింది. పక్కవీధిలోంచి వచ్చినట్టు వినబడాల్సినది చెవిలోనే మోగింది. శబ్దం కొలిచే మీటరు ముల్లు ఎగిరిపడింది.

తలుపు సందులోంచి చూస్తే మైకు తాను పెట్టినట్టు లేదు. ఎవరో మెడ పట్టుకుని కాస్త తిప్పినట్టు, అక్కకు సగం, తమ్ముడికి సగం మొహం చూపిస్తోంది. బావమరిది కళ్ళు మూసుకుని తన్మయంలో ఉన్నాడు. ఆవిడ మాత్రం తలుపు సందుకేసే చూస్తూ పాడుతోంది. ఇప్పుడు ఆపితే ఆ గొంతు మళ్ళీ తెరుచుకుంటుందో లేదో. బాబాయి చేతులు కట్టుకుని, గాడి తప్పిన ఆ రెండో గొంతును భరిస్తూ చివరిదాకా కూర్చున్నాడు.

బావమరిది కొట్టుకు వెళ్ళిపోయాక, "తిప్పావు కదూ" అన్నాడు బాబాయి.

"తిప్పాను. ఇన్నేళ్ళుగా మీరు అందరికీ చెప్పే పాఠం వంటింట్లోకి వినబడదా? పాపం వాడు గుండెలు పగిలేలా పాడుతుంటే చెవిటి పక్కన నిలబెడతారా? మీకు బావమరిదైతే నాకు తోడబుట్టినవాడండీ."

"మరి దగ్గు రాలేదేం?"

"అది నన్నొక్కదాన్నే గుడ్లప్పగించి చూడకపోయేసరికి భయం పోయింది." ఆవిడ నవ్వింది. "వాడు అంత ధైర్యంగా తప్పులు పాడుతుంటే నాకు సిగ్గెందుకు?"

ఒక పట్టీ మీద పడిన రెండు గొంతులను విడదీయడం బాబాయి తరం కాదు. ఉన్నదున్నట్టే పంపాడు.

పాప పుట్టాక కూతురు ఫోను చేసింది. "అమ్మ గొంతు వింటే కళ్ళు మూస్తోంది నాన్నా. మావయ్య గొంతెత్తగానే తెరిచేస్తోంది."

బావమరిదికి బాబాయి అందులో సగమే చెప్పాడు. "నీ గొంతు వినబడితే చాలట, పాప కళ్ళింత చేసుకుని చూస్తోందట."

బావమరిది మరునాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, అక్కను ఈసారికి శ్రమ పెట్టొద్దని, తానొక్కడే పాడతానని చెప్పి మైకు ముందు నిలబడ్డాడు.