అత్త ముందర కూర్చున్న కోడలు

మొన్న గురువారం మా చిన్నమ్మ పోయింది. మదనపల్లె ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మంచం మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఎందరినో కనిపెట్టుకుని చూసిన మనిషి తన సంగతి మాత్రం పట్టించుకోలేదు. నాకు కోపంగా ఉంది. ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

ఇంటర్ చదివి మా ఇంటికి కోడలుగా వచ్చిన ఆమె పుంగనూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా చేసేది. అది మూతపడింది. ముప్పై దాటింది, పిల్లల తల్లి, ఇక టమాటా కోతలకు పోతుందనుకున్నాం. ఆమె కుప్పంలో నర్సింగులో చేరతానంది. మా చిన్నాయన నవ్వాడు.

"బెడ్‌పాన్ తీసిన చేత్తోనే సూది గూడా ఏస్తా, ఏం?" అంది.

తొలి ఏడు నోటి పరీక్షలో తప్పింది. పాఠం రాక కాదు. ఆయాగా ఉన్నన్నాళ్లూ పెద్ద డాక్టరు కనబడితే గోడకు ఆనుకుని నిలబడేది. పరీక్ష గదిలోనూ అదే చేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు, నోరు విప్పలేదు. ఇంటికొచ్చి, చదువు మానేస్తానని ఏడ్చింది.

అప్పుడు కదిలింది మా అవ్వ, అంటే చిన్నమ్మకు అత్త. మా ఇళ్లలో కోడలు అత్త ఎదుట కూర్చోదు. అవ్వ తన మంచం చూపించింది.

"ఈడ కూసోమ్మా."

చిన్నమ్మ కదల్లేదు.

"నా ముందర కూసుంటే ఇంగ ఎవురి ముందరైనా కూసుంటావు. ఊ, నువ్వు సదివే ఆ గుండెకాయలో గదులెన్నో సెప్పు."

చిన్నమ్మ మంచం అంచున కూర్చుని, నాలుగని చెప్పింది. మేం పిల్లలం నోళ్లు తెరుచుకుని చూశాం. ఊళ్లో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సెలవుకు వచ్చినప్పుడల్లా అదే వరస. అక్షరం రాని అవ్వ టమాటాలు ఏరుతూ వినేది. "మొన్న ఇట్ల సెప్పలేదే" అని నిలదీసేది కూడా.

రెండోసారి చిన్నమ్మ గట్టెక్కింది. మదనపల్లెలో నర్సయ్యాక ఏ రోగినైనా స్టూలు లాక్కుని కూర్చునే పలకరించేది. "నిలబడి అడిగితే బాద సగమే సెప్తారప్పా" అనేది. అంత భయపడిన మనిషిలో ఇంత నెమ్మది ఎక్కడినుంచి వచ్చిందో, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

చిన్నమ్మ పోయిన సాయంత్రం పాడె సిద్ధమైంది. అవ్వ పక్కకు జరగలేదు. కోడలి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది.

"అవ్వా, పొద్దుపోతాంది" అన్నాను.

"ఉండప్పా, ఇంగ కొంచేపు సూడనీ. తొందరపడితే నాడి దొరకదని నా కోడలే సెప్పింది."