మొగలి గట్టు

మా ఊరి కాలువ గట్టు ఇప్పుడు పార్కు. నడవడానికి ఎర్ర పలకల బాట, కూర్చోడానికి సిమెంటు బల్లలు, చెత్త వెయ్యడానికి నోరు తెరుచుకున్న కుందేలు బొమ్మ. నా చిన్నప్పుడు ఇవేవీ లేవు. గట్టు పొడవునా మొగలి పొదలుండేవి. మా నాన్న నాటినవే అవన్నీ. నాన్న కాలువ లస్కరు. గండి పడకుండా గట్టు కాచుకోవడమే ఉద్యోగం.

ఎండాకాలం కాలువకి నీళ్లు కట్టేశాక, గట్టు అడుగున వెదురు గుంజలు పాతి, కొబ్బరి మట్టలు అల్లి, వెనకాల మట్టి నింపి మొగలి పిలకలు పెట్టేవాడు. మట్టలు కుళ్లేలోపు వేళ్లు దిగాలి, అదీ లెక్క. "గట్టు పైనుంచి పోదమ్మా, కిందనుంచి పోద్ది" అనేవాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ కూడా తెల్ల పంచెతోనే దిగి పిలకల్ని చూసుకునేవాడు. బురద పంచె ఉతకలేక అమ్మ సణిగేది. మొగలిపువ్వు తెస్తే మాత్రం సణుగుడు ఆపి, రేకులు విడదీసి బట్టల పెట్టెలో వేసేది. ఆ వాసన గుర్తొస్తే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

అలాంటి పొదల్ని కొట్టించింది నేనే.

టీచరుగా రిటైరయ్యాక షుగరు కోసం రోజూ పార్కులో నడిచేదాన్ని. ఒక సాయంత్రం బాట మీదికి పాము వచ్చింది. నడిచేవాళ్లందరం మొగలి పొదలు తీసెయ్యమని అర్జీ పెట్టాం. దస్తూరీ బాగుంటుందని నాచేతే రాయించారు. మొదటి సంతకమూ నాదే. నాన్న నాటినవని తెలియక కాదు. ఇంత సిమెంటు ఉండగా ముళ్ల కంపలెందుకనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా మరి.

రెండు వానాకాలాలు గడిచేసరికి గట్టు జారింది. పలకలు కాలువలోకి ఒరిగాయి. ట్రాక్టర్లతో పైన మట్టి పోశారు, వానకి అదీ పోయింది. చివరికి బాట మూసేస్తామన్నారు. నాన్న గట్టు నా చేతుల మీదుగానే పోతోందని నాకు అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కాలువల ఆఫీసుకెళ్లి నాన్న పద్ధతంతా చెప్పాను. ఇంజనీరు కుర్రాడు ఓపిగ్గా విని, కాలువ కట్టేశాక కొంతమేర చేసి చూద్దామన్నాడు. అది నిలిస్తే బాట ఉంటుంది.

మొన్న పని మొదలైంది. అల్లవరం వైపునుంచి పిలకలు వచ్చాయి. నా వయసు మేస్త్రీ ఒకాయన మట్టలు అల్లుతున్నాడు. చూస్తూ ఉండలేక, పొదలు తీసెయ్యమని అర్జీ రాసింది నేనేనని చెప్పేశాను.

ఆయన తల ఎత్తలేదు. "ఆయ్, తెలుసండి. కొట్టింది నేనే కదండీ. మీ నాన్నగారు పెట్టినయ్యి, కత్తి వెయ్యడానికి చెయ్యి రాలేదండి. కూతురుగారే వద్దన్నారని కాయితం చూపించేరు. ఇంక కొట్టేసేనండి."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఒక పిలక తీసి ఇచ్చాడు. ముళ్లు చేతిలో దిగాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బురదలోకి దిగాను.