అమ్మమ్మ పుట్టిన వాన

ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎండుతున్న మాగాయ ముక్కల వాసన తగిలితే, అమెరికాలో క్యారీ అనే ఊళ్లో నా ఫోర్త్ గ్రేడ్ చివరి రోజులు మెల్లగా తేలి వస్తాయి. బానిసగా పుట్టి తప్పించుకున్న ఒకాయన రాసుకున్న జీవితకథని అప్పుడు మా టీచర్ చదివించింది. అలాంటి పుస్తకాలు చదివాకే ఎంతోమంది బానిసత్వం పోవాలని పట్టుబట్టారని చెప్పింది. ఆయనకి తన పుట్టినరోజు తెలియదట.

మా అమ్మమ్మకీ తెలియదు. పాస్‌పోర్ట్‌లో ఉన్న జులై ఒకటి, బళ్లో మాస్టారు వేసిన తేదీ.

అప్పుడు ఆవిడ మా ఇంట్లోనే ఉంది, డెక్ మీద మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. కొత్త నోట్‌బుక్ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. "అమ్మమ్మా, నువ్వు కూడా నీ కథ రాయి. అందరూ చదివితే నిన్ను వదిలేస్తారు."

ఆవిడ ముక్కలు తిరగేస్తూనే నవ్వింది. "నన్నెవరు పట్టుకున్నారే? నేను పుట్టిన పూట వాన కొట్టి, ఎండబెట్టిన మాగాయంతా తడిసిపోయిందట. మా అమ్మ ఏటా ముక్కలు ఆరబోస్తూ అదే చెప్పేది."

నిరాశపడి నోట్‌బుక్ వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు ఆ బానిస జీవితకథని మా అమ్మాయి చదువుతోంది. నేనూ మళ్లీ తిరగేశాను. అమ్మమ్మకి తేదీ లేకపోయినా వాన ఉంది. ఆ పుస్తకం రాసినాయనకి అలాంటి మాట చెప్పాల్సిన అమ్మని, ఆయనకి నడక రాకముందే యజమానులు ఇంకో పొలానికి పంపేశారు.